నీళ్ళూ అమానతే

మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీ చేస్తానంది. ఖాందాన్‌లో అందరిదీ ఒకటే మాట: “దాంతో నౌకరీ వస్తుందా?”

మేముండేది అచ్యుతాపురం. ఒకపక్క సెజ్‌లో ఫార్మా కంపెనీలు, మరోపక్క పూడిమడక సముద్రం. అక్కడ మన పిల్లల రోజీ, ఇక్కడ మత్స్యకారుల రోజీ. రెండూ నిలవాలి. నీటి కాలుష్యంపై 1974లోనే చట్టం చేశారు. కానీ కాగితం వెళ్ళి బోరునీళ్ళు పరీక్షించదు కదా! ఆ ఇల్మ్ ఉన్న మనిషి కావాలి, కంపెనీకైనా, కాలుష్య నియంత్రణ మండలికైనా.

పారే నది ఒడ్డున వుజూ చేసినా ఇస్రాఫ్ వద్దన్నారు మన ప్రవక్త (స). నీళ్ళు అల్లాహ్ మనకిచ్చిన అమానత్. దాన్ని కాపాడే చదువు వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఫీజు కట్టేశాను. మీ పిల్లలు అడిగితే మీరూ ఇజాజత్ ఇవ్వండి.