ఆజ్ఞ - అంతరాత్మ

సైన్యానికి క్రమశిక్షణే ప్రాణం. ప్రతి ఆజ్ఞనూ తర్కించే సైనికులతో ఏ సేనాపతీ యుద్ధం సాగించలేడు. ఈ మాటను కాదనేవారు లేరు. కాని ఆ ఆజ్ఞ నిరాయుధులను, పసిపిల్లలను చంపమన్నప్పుడు? ఆ సైనికుడు తానై చేరినవాడు కాక, చట్టం ఇంటి నుండి తెచ్చి నిలిపిన ఇరవై ఏళ్ల యువకుడైనప్పుడు? ఆ పాపంలో అతనికి భాగం ఉందా?

ఉందనే నా అభిప్రాయం. అయితే ఆ మాట అనేముందు ఒక పల్లెను గురించి తెలుసుకోవాలి.

1968 మార్చి 16వ తేదీ ఉదయం అమెరికా సైన్యానికి చెందిన చార్లీ కంపెనీ, దక్షిణ వియత్నాంలోని సన్ మీ గ్రామంలో భాగమైన మీ లాయ్ అనే పల్లెలో ప్రవేశించింది. అక్కడ శత్రుసైనికులు పొంచి ఉంటారని వారికి చెప్పి పంపారు. తీరా చూస్తే ఉన్నవారు వృద్ధులు, తల్లులు, పిల్లలు. ఎదురుకాల్పులు లేవు. అయినా కొద్ది గంటల్లో ఆ పల్లె వల్లకాడయింది. మృతులు 347 మంది అని అమెరికా సైన్యం అంచనా వేసింది. ఆ గ్రామంలోని స్మారకచిహ్నంపై ఉన్న పేర్లు 504.

ఆ కంపెనీలో నిర్బంధ సైనికసేవ క్రింద వచ్చినవారు అనేకులు. పాల్ మెడ్లో వారిలో ఒకడు. లెఫ్టినెంట్ విలియం కాలీ ఆజ్ఞపై, ఒకచోట కూర్చోబెట్టిన గ్రామస్థులపై అతడు తుపాకి పేల్చాడు. పేలుస్తూ ఏడ్చాడని తోటివారు సాక్ష్యమిచ్చారు. మరునాడే మందుపాతర పేలి పాదం పోగొట్టుకున్నాడు. 1969 నవంబరులో టెలివిజన్ ముందు కూర్చుని, తాను చేసినది దాచకుండా చెప్పాడు. ఆజ్ఞను పాటించానన్నదే అతని సమాధానం.

అతనిపై జాలి కలుగుతుంది. కాని ఆ కన్నీళ్లే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం పలుకుతున్నాయి. చేస్తున్నది అకృత్యమని తెలియనివాడు ఏడవడు. సౌప్తిక పర్వంలో, నిద్రిస్తున్న శిబిరంపై పడబోయిన అశ్వత్థామను కృపాచార్యుడు అధర్మమని వారించాడు. పిదప తానే కృతవర్మతో కూడి ద్వారం దగ్గర నిలిచి, పారిపోయి వచ్చేవారిని వధించాడు. మెడ్లోను తలచుకున్నప్పుడల్లా నాకు కృపుడే గుర్తుకు వస్తాడు.

సహచరులను మందుపాతరలు బలిగొన్న ఆగ్రహం, పరదేశంలో భయం, ప్రశ్నించరాదని నేర్పిన శిక్షణ వారిని అంధులను చేశాయని కొందరు అంటారు. నిజమే కావచ్చు. అయితే అదే కంపెనీలో, అదే ఆగ్రహాన్నీ అదే భయాన్నీ అనుభవించిన మైకేల్ బెర్న్‌హార్ట్, హ్యారీ స్టాన్లీ వంటివారు కాల్చడానికి నిరాకరించారు. కాదన్నందుకు వారి ప్రాణాలు పోలేదు. ఆకాశం నుండి ఈ ఘోరాన్ని చూసిన హెలికాప్టర్ చోదకుడు హ్యూ థాంప్సన్ గ్రామస్థులకూ, తన దేశపు సైనికులకూ మధ్య తన వాహనాన్ని దించాడు. సైనికులు ఆ గ్రామస్థులపై కాల్పులు జరిపితే వారిపైనే తుపాకి పేల్చమని తన సహచరులకు చెప్పాడు. ఆ సహచరులలో లారెన్స్ కోల్‌బర్న్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఈ పాఠం చదువుతున్న మీకంటే ఒకటి రెండేళ్లు పెద్దవాడు, అంతే.

పైవారి ఆజ్ఞ నేరస్థుణ్ణి నిర్దోషిని చేయదని, నైతికంగా ఎంచుకునే అవకాశం అతనికి ఉన్నంతవరకు బాధ్యత అతనిదేనని 1950లో రూపొందిన న్యూరెంబర్గ్ సూత్రాలు చెబుతున్నాయి. మరి ఆ అవకాశమే లేకపోతే? 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో చిక్కిన బందీలను కాల్చినవారిలో ద్రాజెన్ ఎర్దెమోవిచ్ ఒకడు. జాలి ఉంటే వారి వరుసలోనే నిలబడమన్నారని అతడు హేగ్ న్యాయస్థానంలో మొరపెట్టుకున్నాడు. ప్రాణభయం నేరాన్ని పూర్తిగా మాపజాలదని 1997లో ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, ఇద్దరు విభేదించారు. 1998లో అతని శిక్ష ఐదేళ్లకు తగ్గింది. ఆ ఇద్దరి అసమ్మతిని నేను తేలికగా తీసుకోలేను. కాని మీ లాయ్‌లో స్టాన్లీకి ఉన్న అవకాశం మెడ్లోకూ ఉండేది.

సామాన్య సైనికుణ్ణి నిలదీస్తే అధికారులు తప్పించుకుంటారన్న శంక సహజం. అయితే బాధ్యత అన్నదమ్ములు పంచుకుంటే తరిగిపోయే ఆస్తి వంటిది కాదు. నిజానికి మీ లాయ్‌లో శిక్ష పడినది ఒక్క కాలీకే. 1971లో 22 మంది హత్యకు యావజ్జీవ శిక్ష విధించారు. అధ్యక్షుడు నిక్సన్ జోక్యంతో దానిలో అధికభాగం గృహనిర్బంధంగా గడిచి, 1974లో ముగిసింది. కంపెనీ అధిపతి కెప్టెన్ మెడీనా నిర్దోషిగా బయటపడ్డాడు.

థాంప్సన్‌ను మొదట దేశద్రోహి అన్నవారున్నారు. సైనిక పతకం 1998లో లభించింది. ఆ ఏడాదే అతడూ, కోల్‌బర్న్ ఆ గ్రామానికి వెళ్లారు. ఆనాడు తాము కాపాడిన ఒక స్త్రీ దగ్గరకు వచ్చి, ఆ పని చేసినవారు కూడా మీతో ఎందుకు రాలేదని అడిగిందని థాంప్సన్ తరువాత చెప్పాడు. వారు వచ్చి ఉంటే క్షమించేవాళ్లమని ఆమె అన్నదట.