పేరు మరచినా పాట మరువని పెద్దలు

కన్నబిడ్డల పేర్లే మరచిన అమ్మమ్మ, ఎవరైనా పాత క్రైస్తవ కీర్తన ఎత్తుకుంటే చరణం తప్పకుండా పాడుతుంది. మన సంఘాల్లో చాలామంది చూసిన దృశ్యమే ఇది. మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. పాట ఈ వ్యాధిని నయం చేయదు. కానీ దిగులు తగ్గడానికి తోడ్పడుతుంది. చిన్ననాటి పాటలు చాలాకాలం మనసులో నిలుస్తాయి.

బెంగళూరు, షోలాపూర్, బరంపురంలలో స్థిరపడిన మన పెద్దలకు మరో కష్టం ఉంది. తరువాత నేర్చిన కన్నడ, మరాఠీ, ఒడియా ముందు జారిపోయి తెలుగే మిగలవచ్చు. మనవలకు ఆ తెలుగు రాదు. అప్పుడు పాటే వారధి.

యువతీ యువకులారా, తాతయ్య, నాయనమ్మలకు జ్ఞాపకం ఉండగానే వారు వయసులో పాడుకున్న కీర్తనలు, పొలం పాటలు, సినిమా పాటలు అడిగి ఫోన్లో దాచండి. టీవీ ఆపి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పాడండి. వారు కలత పడితే ఆ పాట ఆపేయండి. దయ్యం పట్టిందనకండి, డాక్టరుకు చూపించండి. వారానికి ఒక గంట మీరు కూర్చుంటే, రాత్రింబగళ్లు సేవచేసే కోడలికి ఆ గంట విశ్రాంతి.

ముసలితనంలో తనను విడిచిపెట్టవద్దని 71వ కీర్తనకారుడు దేవునికి మొరపెట్టాడు. ఆ మొర సంఘంగా మనకూ వినబడాలి.