పశువుకు లెక్క వుంది, పాలేరుకు లేదు

నెల్లూరు పేరును సముద్రాలు దాటించింది పశువు. మన ఒంగోలు జాతి పశువులను ఓడలకెక్కించి తీసుకుపోయిన బ్రెజిల్ దేశస్థులు ఆ జాతిని 'నెలోర్' అని పిలుచుకున్నారు. 2023లో అక్కడి వేలంలో ఆ జాతి ఆవు ఒకదానికి 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. ఆ వార్త విని మనం పొంగిపోయాం. కాని వ్యవసాయంలోనూ పశుపోషణలోనూ పనిచేసే కార్మికుల రక్షణ కోసం అదే బ్రెజిల్‌లో 2005లో ప్రత్యేకంగా ఒక నియమావళి వచ్చిందని మనలో ఎందరికి తెలుసు? బ్రెజిల్ కూలీల స్వర్గమని నా వాదన కాదు. నెల్లూరు పేరు పెట్టుకున్న పశువును తోలేవాడికి అక్కడ కాగితం మీదనైనా ఒక రక్షణ వుంది. నెల్లూరులోనే పశువును తోలేవాడికి ఏముంది?

కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు ప్రాంతాల గొడ్ల చావిళ్లలోకి తెల్లవారక ముందే వెళ్లి చూడండి. పేడా మూత్రమూ కలిసి జారుడుబండగా మారిన నేల మీద వట్టికాళ్లతో పని. పశువు రెండు పక్కలా చాలామేర చూడగలదు గాని, తన వెనుక నిలబడినవారిని చూడలేదు. వెనుక అలికిడి వినబడితే తంతుంది. కొత్తగా ఈనినది దూడ దగ్గరకు ఎవరు వచ్చినా కుమ్మబోతుంది. పలుపు చేతికి చుట్టుకున్న మనిషిని బెదిరిన గేదె ఈడ్చుకుపోతుంది. ఇందులో ఏదీ పశువు దుర్మార్గం కాదు, విధివిలాసం అంతకన్నా కాదు. ముందే తెలిసిన ప్రమాదాలివి. ముందే తెలిసిన ప్రమాదాన్ని ఆపకపోవడాన్ని నిర్లక్ష్యం అంటారు. అది యజమాని నిర్లక్ష్యం.

కంటికి కనిపించని ప్రమాదం మరొకటి వుంది. పశువు ఈసుకుపోయినప్పుడు ఆ పిండాన్నీ మాయనూ వట్టిచేతులతో తీసి పారవేసేది పాలేరు, లేదా పాలేరు భార్య. ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్, మనిషికి అంటుకునే దారులలో ఇదొకటి. జ్వరం వస్తూ పోతూ వుంటుంది, కీళ్లు పట్టేస్తాయి, ఒళ్లు చెమటలు పడుతుంది. మలేరియా అనీ టైఫాయిడ్ అనీ పొరబడి మందులిస్తే రోగం ముదురుతుంది. సరైన మందులు కనీసం 6 వారాలు వాడాలి. రోజుకూలి మీద బతికే మనిషి 6 వారాలు ఏం తిని మందు మింగాలి?

ప్రభుత్వానికి ఈ రోగం సంగతి తెలియదా? బాగా తెలుసు. 2019లో గాలికుంటు, ఈసుడు రోగాల నివారణకు వేలకోట్ల రూపాయలతో జాతీయ పథకం ప్రారంభించింది. 4 నుండి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు టీకా వేయిస్తున్నది. పశువు చెవికి పోగు, ఆ పోగు మీద 12 అంకెల సంఖ్య. పశువు చస్తే భీమా డబ్బుకు ఆ పోగే సాక్ష్యం. ఇవన్నీ అవసరమే, వద్దనం. కాని అదే పశువు పొదుగు కింద కూర్చున్న మనిషికి ఒక జత చేతితొడుగులైనా ఎందుకు లేవు? పశువు ఆస్తి గనుక దానికి లెక్క వుంది. పాలేరు ఎవరి ఆస్తీ కాడు. ఒకరు పడిపోతే మరొకరు దొరుకుతారు.

చట్టం చూద్దాం. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. సాధారణంగా అది 10 మంది పనివారున్న చోటికే వర్తిస్తుంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే గొడ్ల చావిడి దాని గడప బయటే నిలిచిపోయింది. వ్యవసాయ కార్మికుల భద్రతపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో చేసిన 184వ ఒడంబడికను మన దేశం ఆమోదించలేదు.

"పాలేరు ఇంటిమనిషి లాంటివాడు, అతనికి చట్టమెందుకు?" అంటారు పెద్దరైతులు. సరే, పక్కటెముక విరిగి మంచాన పడిన నాడు ఆ ఇంటిమనిషికి కూలి ఆగకుండా ఇస్తారా? "చిన్నరైతుకు ఈ ఖర్చు ఎక్కడిది?" అని మరో ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే. రెండు గేదెలున్న రైతు కూడా, అతని భార్య కూడా అవే తన్నులు తింటున్నారు. అందుకే ఈ ఖర్చులో ప్రధాన భాగం పాల వ్యాపారంలో లాభం తీసేవారూ, ప్రభుత్వమూ భరించాలంటున్నాం. గోకులాల పేర ప్రజాధనంతో షెడ్లు కట్టించిన ప్రభుత్వం, పశువును కదలకుండా నిలిపే ఇనుప చట్రాన్నీ జారని నేలనూ వాటితోపాటే ఎందుకు కట్టించకూడదు?

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. పుచ్చలపల్లి సుందరయ్య తన అలగానిపాడులో వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టింది ఈ తీరంలోనే. ఆ వారసత్వం మనదని చెప్పుకుంటూ మనం కూలిరేటు దగ్గరే ఆగిపోయాం. కూలి ఎంత అని అడిగాం గాని, ఆ పనిలో ఒళ్లు ఏమవుతున్నదని అడగలేదు. మన కవులు గోమాతను పాడారు, కోడెగిత్త రంకెను పాడారు. పలుపు ఒరిసి పుండుపడ్డ అరచేయి ఎన్ని కవితల్లో కనిపిస్తుంది?

విద్యార్థులారా, ఉపాధ్యాయులారా! మీ వూళ్లో గొడ్ల చావిళ్లలో ఎందరు పనిచేస్తున్నారో, ఎవరికి ఎప్పుడు ఏ దెబ్బ తగిలిందో, ఎవరికి తగ్గని జ్వరం వుందో రాసి పట్టిక తయారుచేయండి. చేతితొడుగులు, బూట్లు, ఇనుప చట్రం, ఏటా రక్తపరీక్ష, పని చేయలేని రోజులకు కూలి, ప్రమాదానికి పరిహారం: ఆ పట్టిక చేతబట్టుకొని వీటిని అడుగుదాం. పశువు చెవికి సంఖ్య వేయగలిగిన ప్రభుత్వానికి పాలేరు పేరు రాసుకోవడం చేతకాదంటే మనం నమ్మం.