లైసెన్సు పునరుద్ధరణ దయాభిక్ష కాదు

రాయపూరు నగరమున జి.ఇ. రోడ్డును ఆనుకొనియున్న టాటీబంధ్‌లో 2012లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆరంభమైన నాటినుండి, ఛత్తీస్‌గఢ్ పల్లెలవారికే గాక, భిలాయి ఉక్కు కర్మాగారమును, రైల్వేలను ఆశ్రయించి తరములుగా ఈ ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములవారికిని అది పెద్ద దిక్కైనది. అచ్చటి వార్డులలో రోగి మంచముకడ రాత్రింబవళ్లు నిలుచు నర్సులు దేశము నలుమూలలనుండి పోటీ పరీక్షలో నెగ్గి వచ్చినవారు. అట్టి నర్సులలో ఎవరి లైసెన్సైనను ఒకమారు సస్పెండైనచో ఆమె మరల సూది చేతబట్టరాదనియు, పునరుద్ధరణ కోరుటయే సిగ్గుమాలిన పనియనియు, దానిని మన్నించిన రాష్ట్ర నర్సింగు కౌన్సిలు రోగుల ప్రాణములతో చెలగాటమాడుచున్నదనియు విద్యావంతులలో సైతము ఒక అభిప్రాయము బలముగా వేరూనియున్నది. ఆ అభిప్రాయము నర్సుకు అన్యాయము చేయుటతో ఆగక, ఎవరిని రక్షింపబూనినదో ఆ రోగికే కీడు చేయుచున్నదని నా వాదము.

మొట్టమొదట, సస్పెన్షను వేరు, రిజిస్టరునుండి పేరు తొలగించుట వేరు. మొదటిది తాత్కాలికము, తిరిగి వచ్చుటన్నది దాని అర్థమునందే ఇమిడియున్నది. ఇక కారణములా, ఒకదానితో ఒకటి పొంతన లేనివి. ఐదేండ్లకొకమారు రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించుకొనవలెనను నియమము అనేక రాష్ట్రములలో గలదు. ప్రసవమువలననో, కుటుంబముతో రాష్ట్రము మారుటవలననో గడువు దాటిపోయి వృత్తి హక్కు నిలిచిపోయిన యువతిని, మత్తుమందు ఇంజెక్షను దొంగిలించినవారిని, అలసటతో మోతాదు పొరబడినవారిని ఒకే గాటకట్టి దోషులనుట వివేకము కాదు. దొంగ సర్టిఫికెటుతో చేరినవారి పక్షమున నేనొక్క మాటయు చెప్పబోను. లేని అర్హతను పునరుద్ధరించుట యెట్లు? బుద్ధిపూర్వకముగా రోగిని హింసించినవారి విషయమునను నాకు సందేహము లేదు. నా వాదము తక్కినవారిని గూర్చి.

ప్రతివాదుల ప్రధానాయుధము రోగి భద్రత. దానినే పరీక్షింతము. అమెరికాలోని టెనెసీ రాష్ట్రమున వాండర్‌బిల్ట్ ఆసుపత్రిలో 2017 డిసెంబరులో ఒక నర్సు మందుల యంత్రమునుండి, ఆందోళన తగ్గించు ఔషధమునకు మారుగా, కండరములను స్తంభింపజేయు ఔషధమును తీసి ఇచ్చుటచే ఒక వృద్ధురాలు మరణించెను. ఆ నర్సు తన తప్పును దాచలేదు; తానే చెప్పినది. రాష్ట్రాధికారులు 2018లో చర్య అక్కరలేదనిరి. తరువాత మనసు మార్చుకొని 2021లో లైసెన్సును రద్దుచేసిరి. 2022 మార్చిలో క్రిమినల్ కోర్టు ఆమెను దోషిగా నిర్ణయించి, మేలో మూడేండ్ల ప్రొబేషను విధించెను. ఆమె పొరపాటు చిన్నదని నేననను. ఒక ప్రాణము పోయినది. కాని నిజము చెప్పినవారికి ఈ గతి పట్టునని చూచిన వేలాది నర్సులు రేపు తమ చేతిలో పొరపాటు జరిగిన క్షణమున ఏమి చేయుదురు? నోరు మూసికొందురు. అమెరికా నర్సుల సంఘము అప్పుడే ఈ భయమును బహిరంగముగా వ్యక్తపరచినది. వైద్యమున జరుగు పొరపాట్లలో అధికభాగము వ్యక్తుల నిర్లక్ష్యమునకన్న వ్యవస్థల లోపములనుండియే పుట్టునని 1999లోనే అచ్చటి వైద్య విజ్ఞాన సంస్థ నివేదిక ప్రకటించినది. ఒకేతీరు సీసాలు పక్కపక్కన ఉన్న అలమర, ఒక్క నర్సుకు అప్పగించిన కిక్కిరిసిన వార్డు, వరుస రాత్రి డ్యూటీలు ఇవన్నియు యథాతథముగా నుండగా ఒక్క మనిషిని వెలివేసినంతమాత్రమున మరునాటి రోగికి కలిగిన రక్షణ యేమి? ఆ పొరపాటునుండి అందరికన్న ఎక్కువ నేర్చుకొన్న వ్యక్తియే వార్డునుండి తొలగిపోవును.

బ్రిటనులో సస్పెన్షను ఉత్తరువునకు ఒక యేడాది మించిన గడువు విధింపరాదు. అది ముగియకముందే సాధారణముగా సమీక్ష జరుగును. రిజిస్టరునుండి పేరు కొట్టివేయబడినవారు సైతము ఐదేండ్ల పిమ్మట తిరిగి దరఖాస్తు చేసికొనవచ్చును. వ్యసనమున పడిన నర్సులకు చికిత్స చేయించి, కట్టుబాట్లమధ్య తిరిగి పనికి చేర్చు పథకములు అమెరికాలో ఫ్లోరిడా మొదలగు రాష్ట్రములందు 1980 దశకమునుండి నడచుచున్నవి. ఆ దేశములు రోగి ప్రాణమును మనకన్న తేలికగా చూచుచున్నవని యెవరందురు?

మన దేశమున జీవనోపాధి హక్కు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు 1985లోనే తీర్పు చెప్పినది. ఛత్తీస్‌గఢ్‌కు నర్సుల రిజిస్ట్రేషను చట్టము 1972 నాటి మధ్యప్రదేశ్ చట్టమునుండి వారసత్వముగా సంక్రమించినది. ఇప్పుడు 1947 నాటి భారత నర్సింగు కౌన్సిలు చట్టమునకు మారుగా 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టమును చేసినది. నూతన వ్యవస్థ రూపుదిద్దుకొనుచున్న ఈ తరుణమున, సస్పెన్షను విధించుటకున్నంత స్పష్టమైన మార్గము దానిని తొలగించుటకును ఏర్పరుపవలసియున్నది. ఆరోపణ యేమో వ్రాతమూలకముగా తెలుపక, సమాధానము వినక, గడువు చెప్పక, కౌన్సిలు గుమ్మముచుట్టు నెలలకొలది త్రిప్పుటకు ఏ న్యాయశాస్త్రమును సమ్మతింపదు. విదేశములకు పోదలచిన నర్సును అచ్చటివారు ముందుగా అడుగునది కౌన్సిలు ఇచ్చు సత్ప్రవర్తన పత్రము. ఒక్క ఉత్తరువు పరిష్కారము కాకుండ నిలిచియున్నను ఆమె చదువు, అప్పు, ఇంటివారి ఆశ అన్నియు దానితోడనే నిలిచిపోవును.

తన తల్లినో బిడ్డనో పోగొట్టుకొన్నవారు ఈ వాదమును వినలేరు. వారి కోపము సహజము, గౌరవింపదగినది. వారికి నిజము తెలియవలెను, పరిహారము అందవలెను, ఆసుపత్రి యాజమాన్యము తన వంతు జవాబు చెప్పవలెను. ఈ మూటిలో ఒకటియు చేయక, నర్సు లైసెన్సు నొకదానిని చూపి వారిని సమాధానపరచు ఆచారమే నాకు అసహ్యము.

పునరుద్ధరణ పరీక్ష లేకుండ జరుగవలెనని నేను కోరుటలేదు. మోతాదు పొరబడినవారికి ఔషధ విషయమున తిరిగి శిక్షణ, రోగగ్రస్తులైనవారికి వైద్యుని ధ్రువీకరణ, కొంతకాలము సీనియరు పర్యవేక్షణలో పని యివన్నియు నుండవలసినవే. కాని అవి సస్పెన్షను ఉత్తరువునందే, ఏ తేదీన సమీక్ష, ఏయే షరతులు తీరినచో తిరిగి ప్రవేశము, కాదన్నచో ఎవరికి అప్పీలు అను వివరములతో సహా వ్రాయబడవలెను. రాష్ట్ర కౌన్సిళ్లు ఈ మూడు మాటలు లేని ఉత్తరువును వెలువరింపరాదు. వెలువరించినచో నర్సుల సంఘములు దానిని అంగీకరింపక న్యాయస్థానమున ప్రశ్నింపవలెను.