వృద్ధుల వైద్యబీమా

సంపాదించు వయస్సున వచ్చిన రోగము నాలుగు నెలల కష్టముతో తీరును. సంపాదన నిలిచిన పిదప వచ్చిన రోగము పొలమును, ఇంటిని, తుదకు అన్నదమ్ముల పొత్తును గూడ మ్రింగివేయును. ఆపరేషను కొరకు ఎకరము అమ్ముకొన్న మాట గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలో వినరానిది కాదు. అందుచేతనే వృద్ధుల వైద్యబీమాను గూర్చి నేడు నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

ఈ విషయమున మన ప్రాంతమున కొక చరిత్ర కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీని మొట్టమొదట మూడు వెనుకబడిన జిల్లాలలో ప్రారంభించెను. అనంతపురము, శ్రీకాకుళములతోపాటు మూడవది మన మహబూబునగరమే. నేటి మూడు జిల్లాలును అప్పుడు దానిలోనివే, వేరుపడినది 2016లో. తెలంగాణలో ఆ పథకపు పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షలనుండి 10 లక్షల రూపాయలకు పెంచిరి. కాని అది మొదటినుండియు రేషను కార్డును అనుసరించి నడచిన పథకము. తరి 3.5 ఎకరములకుగాని, ఖుష్కి 7.5 ఎకరములకుగాని మించి భూమిగల రైతునకు ఆ కార్డు దొరకదు. ఎనిమిది ఎకరముల ఖుష్కి యున్నంతమాత్రమున గుండె ఆపరేషను ఖర్చు భరింపగలడా? వానలు తప్పిన యేట ఆ ఎనిమిది ఎకరములు ఇంటి గ్రాసమునకే చాలవు. కిరాణా వర్తకుడు, పింఛను లేని ప్రయివేటు పాఠశాల ఉపాధ్యాయుడు గూడ ఇట్లే పేదలలో చేరక, ధనికులలోను చేరక నడుమ నిలిచియున్నారు.

ఈ లోటును కొంతవరకు తీర్చునది కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ వయ వందన కార్డు. 2024 సెప్టెంబరు 11న మంత్రివర్గము ఆమోదింపగా అక్టోబరు 29న ఇది అమలులోనికి వచ్చెను. 70 ఏండ్లు నిండిన వారికెల్ల, ఆదాయముతోగాని భూమితోగాని నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్స ఉచితము. దంపతులిరువురును 70 దాటినవారైనచో ఆ మొత్తమును ఇద్దరును పంచుకొందురు. ఇదివరకే ఆయుష్మాన్ భారత్‌లోనున్న కుటుంబములందలి వృద్ధులకు ఇది అదనము. పాత రోగములకును మొదటి దినమునుండియే వర్తించును. ప్రయివేటు బీమా యున్నవారును అర్హులే. కేంద్రోద్యోగుల వైద్య పథకమునగాని, మాజీ సైనికుల పథకమునగాని ఉన్నవారు మాత్రము రెంటిలో నొకటి కోరుకొనవలయును.

అయినను కార్డు దానంతట ఇంటికి రాదు. పేరు నమోదు చేయించుకొనవలయును. ఇక్కడనే మనవారి అలసత్వము బయటపడుచున్నది. అమెరికాలో 1965లో చట్టమైన మెడికేరులో 65 ఏండ్లు నిండు నెలకు ముందు మూడు నెలలు, తరువాత మూడు నెలలు, మొత్తము ఏడు నెలల గడువు కలదు. యజమాని ఇచ్చు బీమాలో ఉన్నవారికి తప్ప, గడువు దాటినవారికి వైద్యుల ఫీజు భాగమున ప్రతి ఏటి జాగునకు చందాపై నూటికి పదివంతున అదనము పడును. మనకు గడువు లేదు, జరిమానా లేదు. కనుకనే రేపు చూతమను మాట. కాని రోగము గడువడుగదు. తండ్రిని అంబులెన్సులో ఎక్కించిన పిదప ఆధారు కార్డు వెదకువాని అవస్థ పగవానికి గూడ వలదు.

మరియొక చిక్కు వయస్సుది. పుట్టినతేదీ వ్రాసిపెట్టు అలవాటు లేని కాలమున పుట్టిన మన పెద్దలకు ఆధారులో ఉజ్జాయింపుగా జనవరి 1వ తేదీ పడినది. 72 ఏండ్ల వృద్ధుడు కాగితమున 66 ఏండ్లవాడైనచో ఈ హక్కు ఆరేండ్లు వెనుకకు పోవును. పుట్టినతేదీ దిద్దుబాటు సాధారణముగా ఒక్క పర్యాయమే అనుమతింపబడును; కనుక సరియైన రుజువుతో, ముందుగానే, తప్పులేకుండ చేయించుకొనవలయును. సేద్యపు పనిలో వ్రేలిముద్రలు అరిగిపోయినవారు ఫోనుకు వచ్చు అంకెలతోగాని ముఖము చూపిగాని నమోదు కావచ్చును. ఆధారునకు జతపరచిన ఫోను నంబరు సరిగానున్నదో లేదో నేడే చూచుకొనుట మేలు.

నడిగడ్డవారికి ఇందు ప్రత్యేక ప్రయోజనము కలదు. గద్వాలవానికి హైదరాబాదుకంటె కర్నూలు దగ్గర. కాని 2014నుండి తుంగభద్ర దాటినచో రాష్ట్రమే మారును. ఆయుష్మాన్ కార్డు దేశమందలి ఏ రాష్ట్రమునందైనను పథకములో చేరిన ఆసుపత్రులలో చెల్లుటకు ఏర్పరచినది. అయినను ఏ ఆసుపత్రి ఏ చికిత్సకు చేరియున్నదో ముందుగా 14555 నంబరునకు ఫోనుచేసి తెలిసికొనుట వివేకము. ఇది ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకే గాని, నెలనెలా కొను బి.పి., షుగరు మాత్రలకు కాదనియు గుర్తుంచుకొనవలయును.

ఇక ప్రభుత్వముతో మా వాదము. తెలంగాణలో ప్రభుత్వోద్యోగి విరమణ వయస్సు 61. ప్రయివేటు కొలువులలో అది 58 ఏండ్లకే ముగియుట కలదు. జీతము నిలిచిననాటినుండి 70 నిండువరకు ఉన్న పదేండ్లు ఎవరి పూచీ? రోగములు తలయెత్తునది సరిగా ఆ కాలముననే. 2024 ఏప్రిల్ నుండి బీమా కంపెనీలకు 65 ఏండ్ల హద్దు తొలగినది. పాత రోగములకు నిరీక్షణ గరిష్ఠముగా మూడేండ్లకు తగ్గినది. 2025 సెప్టెంబరు 22నుండి వ్యక్తిగత ఆరోగ్యబీమాపై జి.ఎస్.టి. లేదు. శక్తిగలవారు విరమణనాడే పాలసీ తీసికొనుట మంచిది. మూడేండ్ల నిరీక్షణ ఆరోగ్యముగా నుండగనే గడచిపోవును. శక్తిలేనివారి కొరకు వయోపరిమితిని 60కి దింపవలయునని, ఒక్కసారిగా కాకున్న మెట్టుమెట్టుగా నైనను దింపవలయునని మా దృఢాభిప్రాయము.

అంతవరకు చేయదగినది సులభము. పింఛనులు పంచు దినమున తపాలా కార్యాలయములవద్దనే నమోదు జరిపింపవచ్చును. మంచము పట్టినవారి ఇంటికి ఆశా కార్యకర్తను పంపవచ్చును. వనపర్తి, నాగరుకర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను వైద్య కళాశాలలు వెలసినవి. వాని ఆసుపత్రులలో ఇందుకొక బల్ల వేయుట పెద్దపని కాదు.

మా పాఠకులలో భూస్వాములు, పట్టణ వాసులు అనేకులు. సర్కారు సాయము పుచ్చుకొనుట చిన్నతనమని తలచువారు కొందరు వారిలో ఉందురు. ఇది బిచ్చము కాదు. జీవితమంతయు చెల్లించిన పన్నుల ప్రతిఫలము. వారు తమ పేరు వ్రాయించుకొని, తమ చేలలో నలుబదియేండ్లు చెమటోడ్చిన ముసలి జీతగాని చేయి పట్టుకొని తీసికొనిపోయి అతని పేరును వ్రాయింతురు గాక. ఆ ఒక్క పూట శ్రమ ఒక కుటుంబపు పొలమును నిలువబెట్టవచ్చును.