స్టాంపెక్కిన టెస్టింగ్

మొన్న వేసవిలో రెడ్డిగూడెం వెళ్ళినప్పుడు అమెరికా స్టాంపుల షీటొకటి పట్టుకెళ్ళా. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ మీద అక్కడి తపాలా శాఖ 2022 సెప్టెంబర్ 8న వేసింది, షీటుకి 20. అందరూ స్టాంపు మీది బంగారు అద్దాలు చూసి "అబ్బో" అన్నారు. నేను మాత్రం షీటు అంచున ఉన్న నక్షత్రం ఫోటో చూపించా.

ఎందుకంటే అది టెస్టింగ్‌లో తీసిన ఫోటో! 18 అద్దాలూ కలిసి ఒకే అద్దంలా కుదిరాయో లేదో తేల్చుకోడానికి ఒక నక్షత్రం వైపు తిప్పి తీశారు. 2022 మార్చిలో బయటపెట్టారు. జనం మురిసిపోయిన రంగుల ఫోటోలు జులైలోగానీ రాలేదు.

"టెస్ట్ రిజల్ట్‌ని స్టాంపుల షీటుకెక్కించారు, చూశావా బాబాయ్?" అన్నా.

"అది సరేరా, మన చిన్నోడు కూడా టెస్టింగేగా? ఆ సంబంధం వాళ్ళు డెవలప్‌మెంట్ అయితేనే చూస్తాం అన్నారు" అన్నాడు.

ఒళ్ళు మండింది. కానీ బాబాయినేమనగలం? డెవలప్‌మెంట్ ఎక్కువ, టెస్టింగ్ తక్కువ అని రెడ్డిగూడెం దాకా మోసుకొచ్చింది ఎవరు? మనమే! డేట్ దగ్గరపడితే మొదట కోసేది టెస్టింగ్ రోజుల్నే. బగ్ పట్టుకున్నవాడిని పనికి అడ్డంపడేవాడిలా చూస్తాం. నేనూ ఆ పాపం చేసినవాణ్ణే.

"మనదేమన్నా రాకెట్టా, ప్యాచ్ వేసుకోవచ్చుగా" అంటారు. సరే, హబుల్ సంగతి చూడండి. 1990లో పైకెళ్ళాక గానీ దాని అద్దం తేడాగా ఉందని తెలీలేదు. అసలు విషాదమేంటంటే, అద్దం అరగదీసేటప్పుడే వేరే పరీక్షల్లో ఆ తేడా కనబడింది. ఆ పరీక్షలు అంత కచ్చితమైనవి కావని కొట్టిపారేశారు. ప్యాచ్ వెయ్యడానికి 1993 డిసెంబర్‌లో మనుషులు అంతరిక్షంలోకి వెళ్ళాల్సొచ్చింది!

వెబ్‌కి ఆ అవకాశం కూడా లేదు. 15 లక్షల కిలోమీటర్ల దూరం. ఒక్కటి చెడితే మొత్తం పనే చెడగలిగినవి 344 అని నాసానే లెక్కేసింది. 2018లో పరీక్షల తర్వాత సన్‌షీల్డ్ కవర్‌కున్న స్క్రూలు, వాషర్లు ఊడి కింద కనిపించాయి. ప్రయోగం ఆలస్యమైంది, ఖర్చు పెరిగింది, అందరూ తిట్టారు. ఆ స్క్రూలు నేలమీదే ఊడబట్టి గదా 2021 డిసెంబర్ 25న ఎగిరింది ఇవాళ్టికీ పనిచేస్తోంది! టెస్టింగ్ వల్ల ఆలస్యమైందనకండి. తప్పు వల్ల ఆలస్యమైంది, టెస్టింగ్ వల్ల బయటపడింది.

బాబాయికి ఇదంతా చెప్పలేదు. ఒకటే అడిగా: "నాలుగు కాయలు కోసి టెంక ముదిరిందో లేదో చూడకుండా ఎప్పుడన్నా తోట కోయించావా?"

"పిచ్చా నీకు? లోడంతా పోదూ!" అన్నాడు.

"మరి చిన్నోడు చేసేదీ అదే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత షీటు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, సంబంధం వాళ్ళకి చూపిస్తాట్ట :)

పెళ్ళివారి సంగతి ఆయన చూసుకుంటాడు. వచ్చే రిలీజ్‌లో టెస్టింగ్ రోజులు కొయ్యమన్నప్పుడు నోరు విప్పాల్సింది మాత్రం మనమే.