చూసొచ్చామా, కవర్ చేసొచ్చామా?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ మాటల్లో నాకు బొత్తిగా నచ్చని మాట ఒకటుంది. "కవర్ చెయ్యటం". లాంగ్ వీకెండ్ అయ్యాక ఆఫీసులో ఎవరినైనా పలకరించండి. "సెకోయా, యోసెమిటీ, లేక్ తాహో కవర్ చేశాం" అంటారు. ఎన్ని రోజులు? మూడు. ఎన్ని మైళ్ళు? శాన్ హోసే నుంచి బయల్దేరి మళ్ళీ శాన్ హోసే చేరేసరికి సుమారు ఎనిమిదొందలు. ఏం చూశారు? ఇక్కడ కొంచెం తడబడతారు. ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకున్నా ఫర్వాలేదు. భార్యాభర్తలిద్దరే వెళ్ళే మూడు రోజుల సెలవుకి ఒక్క చోటు చాలు. ఆ చోట హోటల్ గది కన్నా టెంటు మేలు. డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు (అది కూడా మిగులుతుంది), ఆ ఇద్దరికీ మంచిది కాబట్టి.

మనకి ఆశ ఎక్కువ కాబట్టే ఇలా పరిగెడతామని కొందరంటారు. నేనొప్పుకోను. అసలు కారణం సెలవుల లెక్క. నాకు ఏడాదికి పదిహేను రోజులు సెలవు. ఇండియా వెళ్తే తక్కువలో తక్కువ మూడు వారాలు ఉండాలి, లేకపోతే ఇటు అమ్మావాళ్ళు, అటు అత్తగారు వాళ్ళు ఊరుకోరు. మూడు వారాలంటే పదిహేను పనిదినాలు. లెక్క సరిగ్గా సరిపోయింది, చేతిలో మిగిలింది సున్నా. ఇక మిగిలేవి మెమోరియల్ డే, జూలై నాలుగు, లేబర్ డే లాంటి వారాంతాలు. అవి దేశం మొత్తానికీ సెలవులే, కాబట్టి దేశం మొత్తం రోడ్డు మీదే ఉంటుంది.

రెండో కారణం ఇంకా లోతైనది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు గడువు (ఈ నిబంధన 2017 నుంచి ఉంది). ఆలోపు ఇంకో ఉద్యోగమో ఇంకో దారో దొరక్కపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. గ్రీన్ కార్డు లైను ఎప్పటికి కదులుతుందో ఎవరికీ తెలీదు. దాంతో "మళ్ళీ వస్తామో రామో, ఉన్నప్పుడే చూసేద్దాం" అన్న తొందర ప్రతి ట్రిప్పులోనూ మనతో పాటు కార్లో కూర్చుంటుంది. ఆ భయం నిజమే, నాకూ ఉంది. కానీ ఎప్పుడు వెళ్ళిపోవాల్సి వస్తుందో తెలియనివాళ్ళకి ఒక్క చోటైనా బాగా గుర్తుండాలి కదా. అన్నీ మసక మసగ్గా గుర్తుండి ఏం లాభం?

యోసెమిటీ సంగతే తీసుకోండి. పార్కు మొత్తం దాదాపు 1,200 చదరపు మైళ్ళు. అందులో అందరూ ఎగబడే యోసెమిటీ వ్యాలీ సుమారు ఏడు మైళ్ళ పొడవు, ఒక మైలు వెడల్పు. అంటే పార్కులో నూటికి ఒక వంతు కూడా కాదు. ఏడాదికి దాదాపు నలభై లక్షల మంది వస్తారు, వాళ్ళలో ఎక్కువమంది చేరేది ఆ ఒక్క వంతులోకే. పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం ఐదింటికి వెళ్ళిపోయేవాడికి అందులోనూ దొరికేది సగమే, ఎందుకంటే మొదటి గంట పార్కింగ్ వెతకటానికి పోతుంది. టన్నెల్ వ్యూ దగ్గర ఫోటో దిగే జనాన్ని చూస్తే తిరుమలలో "జరగండి, జరగండి" గుర్తొస్తుంది. ఒక తేడా ఉంది. అక్కడ స్వామి ముందు ఆ రెండు క్షణాలైనా కళ్ళు అప్పగించి చూస్తాం. ఇక్కడ కొండకి వీపు పెట్టి ఫోను వైపు చూస్తాం.

అదే రాత్రికి అక్కడే ఉన్నవాళ్ళ సంగతి వేరు. సాయంత్రం కార్లన్నీ వెళ్ళిపోయాక లోయ ఖాళీ అవుతుంది. పొద్దు వాలేటప్పుడు హాఫ్ డోమ్ రంగు మారుతుంది, బూడిద రంగు రాయి కాస్తా నారింజ, తర్వాత గులాబీ. చీకటి పడ్డాక ఎల్ కాపిటన్ వైపు తలెత్తి చూస్తే, మూడు వేల అడుగుల నిట్టనిలువు గోడ మధ్యలో అక్కడక్కడా చిన్న దీపాలు కనిపిస్తాయి. చుక్కలు కావు. ఆ గోడ ఎక్కుతూ మధ్యలోనే పడక వేలాడదీసుకుని నిద్రపోయే మనుషుల హెడ్‌ల్యాంపులు. 2017 జూన్‌లో ఆలెక్స్ హొనోల్డ్ తాడు లేకుండా నాలుగు గంటల లోపే ఎక్కేసిన గోడ ఇదేనని పగలు ఎంత చదివినా ఎక్కదు. రాత్రి ఆ దీపాలు చూస్తే ఆ ఎత్తేమిటో అప్పుడు కడుపులో తెలుస్తుంది.

ఇంకోటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మంచు కరిగి యోసెమిటీ జలపాతం నిండుగా దూకే రోజుల్లో, ఆకాశం నిర్మలంగా ఉన్న పున్నమి రాత్రి కింది జలపాతం దగ్గర వంతెన మీద నిలబడితే వెన్నెలకి ఇంద్రధనుస్సు పడుతుంది. అవును, రాత్రిపూట. పగటిదాని కన్నా పల్చగా, తెల్లగా ఉంటుంది. సాయంత్రం ఐదింటికి తాహో బయల్దేరినవాడికి ఇది "కవర్" కాదు. ఆగస్టులో వచ్చి "నీళ్ళే లేవు, మోసం" అనేవాళ్ళకీ కాదు (2,425 అడుగుల జలపాతం వేసవి చివరికి ఎండిపోవటం అక్కడ మామూలే).

టైము ఉంటే తెలిసే సంగతులు ఇంకా ఉన్నాయి. ఆ లోయకి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు అవాహ్నీ. 1851లో మారిపోసా బెటాలియన్ అనే దళం వచ్చి వాళ్ళ ఊళ్ళు తగలబెట్టి తరిమేసింది. ఆ తర్వాత పదమూడేళ్ళకే, 1864లో, లింకన్ సంతకంతో ఆ లోయని ప్రజలందరి కోసం కాపాడాలని చట్టం వచ్చింది. మ్యూజియం వెనక అవాహ్నీ పల్లె నమూనా కట్టి ఉంది. చూడటానికి డబ్బులక్కర్లేదు, ఒక గంట కావాలి. మన దగ్గర లేనిదల్లా ఆ గంటే.

సరే, టెంటు దగ్గరికొద్దాం. "టెంట్లో పడుకోటానికి ఇంత దూరం రావాలా?" అని మా మామయ్య ఫోన్లో నవ్వాడు. ఆ మాట అన్న మామయ్యే వేసవి సెలవుల్లో డాబా మీద నీళ్ళు చల్లి, నవారు మంచాలు వేయించి, మా పిల్లలందరికీ సప్తర్షి మండలం చూపించినవాడు. ఆరుబయట పడుకోవటం మనకి కొత్తేం కాదు. అపార్ట్‌మెంట్లకి మారాక మర్చిపోయాం, అంతే.

ఖర్చు చూడండి. లోయలోని అప్పర్ పైన్స్ లాంటి క్యాంపు గ్రౌండులో ఒక సైటుకి రాత్రికి 36 డాలర్లు, ఆరుగురి దాకా ఉండొచ్చు. అదే లోయలో లాడ్జి గది వేసవిలో రాత్రికి వందల డాలర్లు. చిక్కల్లా దొరకటంలోనే. ఐదు నెలల ముందు, 15వ తారీఖున, ఉదయం సరిగ్గా ఏడింటికి బుకింగ్ తెరుస్తారు. నిమిషాల్లో అయిపోతుంది. మనవాళ్ళకి ఇదేం కొత్త? తత్కాల్ టికెట్లు కొట్టినవాళ్ళం. ఇద్దరూ చెరో ల్యాప్‌టాప్ ముందు ముందే లాగిన్ అయి, రెండు మూడు సైట్లు ఎంచి పెట్టుకుని కూర్చోవాలి. దొరక్కపోతే రోజూ ఒకసారి క్యాన్సిలేషన్లు చూడాలి, తప్పకుండా పడతాయి. అన్నట్టు, ఇలా బుక్ చేసుకోవటంలో ఇంకో సుఖం ఉంది. మూడు రాత్రులు ఒకేచోట దొరికాక ఇంకెక్కడికీ పరిగెత్తబుద్ధి కాదు.

ఆడవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న బాత్‌రూమ్. అడగాల్సిందే, నేనూ అడిగాను. ఆ పైన్స్ క్యాంపు గ్రౌండుల్లో ఫ్లష్ టాయిలెట్లు, మంచినీళ్ళు ఉన్నాయి. స్నానానికి కర్రీ విలేజికి వెళ్ళాలి (పేరు చూసి ఆశపడకండి, కూరలకీ దానికీ సంబంధం లేదు). కరెంటు ఉండదు కాబట్టి రైస్ కుక్కర్ ఇంట్లోనే వదిలెయ్యండి. మే నెలలో రాత్రి 10 డిగ్రీల సెల్సియస్ కిందకి పోతుంది, కాబట్టి మంచి స్లీపింగ్ బ్యాగులు ఉండాల్సిందే.

రెండో ప్రశ్న ఎలుగుబంటి. అక్కడ ఉన్నవి నల్ల ఎలుగుబంట్లు. వాటికి మన మీద మోజు లేదు, మన పులిహోర మీద ఉంది. 1998లో ఒక్క ఏడాదిలో పదిహేను వందలకి పైగా సార్లు అవి కార్లు, టెంట్లు చీల్చి తిండి ఎత్తుకెళ్ళాయి. ఆ తర్వాత నిబంధనలు గట్టిగా అమలు చేశాక బాగా తగ్గింది. ప్రతి సైటులోనూ ఒక ఇనప పెట్టె ఉంటుంది. తిండి, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, ఏది వాసన వేసినా అందులోనే పెట్టాలి. చీకటి పడ్డాక కార్లో కూడా ఉంచకూడదు. ఆవకాయ సీసాకి మినహాయింపు లేదు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు జనం మీదకి రావటం మొదలుపెడుతుంది, చివరికి దాన్ని చంపాల్సి రావచ్చు. అంటే మన సోమరితనానికి శిక్ష దానికి పడుతుంది.

ఆ ఎలుగుకి మనవల్ల ఉన్న అసలు ప్రమాదం ఇంకోటి. 1995 నుంచి ఆ పార్కులో నాలుగు వందలకి పైగా ఎలుగుబంట్లని కార్లు గుద్దాయి. రోడ్డు పక్కన ఎర్ర ఎలుగు బొమ్మతో బోర్డులు అందుకే. స్పీడు లిమిట్ 45 మైళ్ళు, చాలాచోట్ల అంతకన్నా తక్కువ. చీకట్లో 60లో పోయేదెవరు? రాత్రికి ఇంకో ఊళ్ళో హోటల్ బుక్ చేసుకున్నవాళ్ళే కదా.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మన ట్రిప్పుల్లో పని ఎలా పంచుకుంటామో చూడండి. మగాడు పదిహేను గంటలు డ్రైవ్ చేస్తాడు. ఆవిడ శుక్రవారం రాత్రి పదకొండింటిదాకా పులిహోర కలిపి, చపాతీలు చేసి, డబ్బాలు సర్ది, కార్లో మ్యాపు చూస్తూ కూర్చుంటుంది. ఆవిడ హెచ్-4 మీద ఉండి పని చేసే అనుమతి లేకపోతే వారమంతా నాలుగు గోడల మధ్యే గడిపి ఉంటుంది కూడా. సోమవారం రాత్రి ఇంటికొచ్చాక బట్టలు ఎవరు ఉతుకుతారో నేను చెప్పక్కర్లేదు. ఇద్దరూ అలిసిపోతారు, విడివిడిగా అలిసిపోతారు. ఒకరి అలసట ఇంకొకరికి కనపడదు కూడా.

క్యాంపింగులో అలా కుదరదు. టెంటు కడ్డీ ఒకరు పట్టుకుంటేనే ఇంకొకరు మేకు కొట్టగలరు. వేసవిలో మంట వేసుకునేది సాయంత్రం ఐదు నుంచి పదింటి మధ్యే, కాబట్టి వంట తొందరగా కావాలి. ఒకరు ఉల్లిపాయలు తరిగితే ఒకరు స్టవ్ చూడాలి. మా ఆయన ఇంట్లో ఉప్మా కూడా చెయ్యడు. అక్కడ గిన్నెలు తోమాడు, ఎందుకంటే ఎంగిలి గిన్నె వదిలేస్తే ఎవరొస్తారో తెలుసు కాబట్టి :-) నేను మ్యాపు పక్కన పెట్టి కారు నడిపాను, టెంటు విప్పాను. పదింటికి క్వయిట్ అవర్స్ మొదలవుతాయి, చుట్టూ అందరూ గొంతు తగ్గిస్తారు. టీవీ ఉండదు, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. పెళ్ళయిన నాలుగేళ్ళలో మేం వరసగా మూడు గంటలు మాట్లాడుకున్న రాత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో రెండు అక్కడివే. ఇండియాకి తిరిగి వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్న మేం మొదటిసారి కోపాలు లేకుండా మాట్లాడుకున్నది అక్కడే. తేలలేదనుకోండి, కానీ మాట్లాడుకున్నాం.

అందరికీ ఇదే సరిపోతుందని నేననను. చంటిపిల్లలున్నవాళ్ళు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు సుఖంగా లాడ్జిలో ఉండండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే లెక్క వేరు. వాళ్ళు జీవితంలో ఒకసారి వస్తారు, నాలుగు చోట్లు తిప్పి చూపించాలి. ఆ తిప్పటమూ ఇప్పుడు ఖరీదైంది. 2026 జనవరి నుంచి జాతీయ పార్కుల వార్షిక పాసు ఇక్కడ నివాసం ఉండేవాళ్ళకి 80 డాలర్లయితే బయటి దేశాలవాళ్ళకి 250. పాసు లేకుండా వస్తే యోసెమిటీతో సహా 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. వాళ్ళని తీసుకెళ్ళే ముందు ఆ లెక్క చూసుకోండి.

కానీ ఇద్దరే ఉన్నప్పుడు, మోకాళ్ళు బాగున్నప్పుడు, మూడంటే మూడు రోజులే ఉన్నప్పుడు, దయచేసి ఆ జాబితా చింపెయ్యండి. ఒక్క లోయ, ఒక్క టెంటు, రెండు కుర్చీలు. తాహో ఎక్కడికీ పోదు. మనమే పోవాల్సి వస్తే, పోనీండి, చూడనివి చాలానే మిగిలిపోతాయి, ఎనిమిదొందల మైళ్ళు తిరిగినవాళ్ళకి కూడా. వచ్చే నెల 15న ఉదయం ఏడింటికి అలారం పెట్టుకోండి. మీ ఆయన్ని కూడా లేపండి, రెండో ల్యాప్‌టాప్ ఆయనది.